పావని కుడి చెయ్యి

14 అక్టోబరు, సోమవారం

పొద్దున్నే జగదీశ్వరరావు ఫోన్. జిల్లా బాక్సింగ్ సంఘానికి కార్యదర్శి అయినప్పటి నుంచి ఆయన ఎవరినీ కుశలం అడగడం మానేశాడు. "మాస్టారూ, రాష్ట్రం టీములో ఆడపిల్లల యాభై నాలుగు కేజీలకి రెండు పేర్లు మిగిలేయి. రెండూ మీ పిల్లలవే. ట్రయల్ బౌట్ పెడితే ఒకే షెడ్డోళ్లు కొట్టుకున్నారని పేపర్లో రాత్తారు. మీరే ఇద్దరి టెక్నిక్కూ పక్కపక్కన పెట్టి రిపోర్టు రాసియ్యండి. నవంబరు పదికల్లా కావాల," అన్నాడు.

ధనశ్రీ నిరుడు యాభై నాలుగులో రాష్ట్ర చాంపియన్. పావని అదే పోటీల్లో యాభై రెండులో చాంపియన్, ఈ ఏడు కాస్త ఒళ్లు చేసి పై తరగతిలోకి వచ్చింది. ఇద్దరికీ పంతొమ్మిదేళ్లు. అనకాపల్లి గవరపాలెంలో ఒకే గది, ఒకే గిన్నెలో వంట. ఏడేళ్లుగా ఇద్దరూ నా ప్రాక్టీసు షెడ్డులో, నా చేతి కిందే పెరిగారు. డిసెంబరులో నేషనల్స్. మెడల్ తెచ్చిన పిల్లకి రైల్వేలో ఉద్యోగం దాదాపు ఖాయమంటున్నారు. వెళ్లని పిల్ల ఇంటికి పోవాలి, ధనశ్రీకి ఉప్మాక పక్కన చెరకు తోట, పావనికి పాడేరు పైన కొండ పొలం.

ఎవరిదో ఒక పేరు కొట్టెయ్యాలి. ముప్పయ్యేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, నాకు ఇందులో కష్టం ఏముంది. మూడు వారాలు చూస్తాను. ప్రతి దెబ్బా లెక్కపెడతాను. కాగితం ఏం చెబితే అదే. మనసుకి ఇక్కడ పని లేదు.

15 అక్టోబరు

కాళ్లు పావనివే. వెనక్కి అడుగు వేసేటప్పుడు కూడా దాని మడమ నేల తాకదు. ధనశ్రీ అడుగు బరువు. కానీ ఎక్కడ ఆగాలో ధనశ్రీకి తెలుసు, పావని ఆగడం తెలియకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఎడం చేత్తో సూటిగా పొడిచే జాబ్ ఇద్దరికీ ఉంది. ధనశ్రీది పొడవు, పావనిది వేగం. నిరుడు ధనశ్రీ జాబ్ గీత గీసినట్టు గడ్డం మీదికి వెళ్లేది. ఈ మధ్య అంగుళం ముందే ఆగుతోంది. దూరం కొలుస్తోంది అనుకుంటాను. ఎదుటిదాన్ని మోసం చెయ్యడానికి అదీ ఒక పద్ధతే. ఎవరు నేర్పారో, నేను నేర్పలేదు.

కుడి చెయ్యి గురించి రేపు రాస్తాను.

17 అక్టోబరు

వాన. షెడ్డు కురిసింది. చెరకు పిప్పి కూరిన బస్తాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ప్రాక్టీసు లేదు.

21 అక్టోబరు

ఇవాళ ఆరు రౌండ్లు స్పారింగ్. వీళ్ల బరువుకి సరిపడే ఆడపిల్ల షెడ్డులో ఇంకెవరూ లేరు కాబట్టి ఎప్పుడూ వీళ్లలో వీళ్లే. లెక్క రాశాను. పావని ఎడం చేత్తో కొట్టినవి నూట పన్నెండు, తగిలినవి నలభై ఒకటి. కుడి చేత్తో కొట్టినవి సున్నా.

తప్పు రాశానేమోనని మళ్లీ చూశాను. సున్నాయే.

నిరుడు ఈ పిల్ల బంగారు పతకం గెలిచింది కుడి చేత్తోనే. ఆగస్టులో వాన పడిన రోజు స్పారింగులో ధనశ్రీకి ఒక కుడి దెబ్బ కొట్టింది, అంత శుభ్రమైన దెబ్బ ఈ షెడ్డులో నేను చూడలేదు. శభాష్ అని అరిచాను. ఆ తర్వాత మళ్లీ చూసిన గుర్తు లేదు.

పిలిచి అడిగాను. "నీ కుడి చెయ్యి ఏమైందే?"

"ఏటీ కాలేదు మాస్టారూ."

"మరి కొట్టవేం?"

తల దించుకుంది. "మీరు లెక్కెడతన్నారు కదా మాస్టారూ," అంది.

"పెడుతున్నాను. సున్నా."

"సున్నాయే మాస్టారూ," అంది. అని నా మొహంలోకి అలా చూస్తూ నిలబడింది, నేనే ఏదో చెప్పాల్సి ఉన్నట్టు. నాకు ఒళ్లు మండింది. బస్తా మీద వంద కుడి దెబ్బలు కొట్టమన్నాను. కొట్టింది. బస్తా కుట్టు ఊడిపోయింది. అంటే చేతికి ఏమీ కాలేదు. బస్తా మీద కొడుతుంది, మనిషి మీద కొట్టదు. గుండె లేదు.

24 అక్టోబరు

ఇద్దరూ ఇంటికి భోజనానికి వచ్చారు. మా ఆవిడ సూర్యకళ చేపల పులుసు పెట్టింది. వాళ్లు వెళ్లాక గిన్నెలు తీస్తూ, "ఆ ధనశ్రీ ఎడం పక్కనున్న గ్లాసు సూడకుండా తోసేసింది. రెండో గ్లాసూ అంతే. ఓపాలి కళ్లు సూపించండి," అంది.

"ప్రొద్దుట నాలుగు కిలోమీటర్లు పరిగెత్తిన పిల్ల, చేతులు వణకవా?" అన్నాను.

"సేతుల గురించి కాదు నేను సెప్పింది."

సూర్యకళకి బాక్సింగ్ గురించి ఏం తెలుసు.

29 అక్టోబరు

ధనశ్రీలో ఒక కొత్త సంగతి పట్టుకున్నాను. గడ్డం ఎడమకి తిప్పి, కుడి చెంప ముందుకి పెట్టి నిలబడుతోంది. ఎప్పుడూ ఎడమకే తిరుగుతోంది. పుస్తకంలో లేని పద్ధతి. అడిగితే, "ఇలాగైతే నాకు బాగుంటంది మాస్టారూ," అంది.

ఈ రెండు వారాల లెక్క తీశాను. దాని ఎడం చెంప మీద ఒక్క దెబ్బా పడలేదు. ఒక్కటి కూడా. ఎడం పక్కంతా గోడ కట్టినట్టే. నలభై ఏళ్ల నుంచి ఈ ఆట చూస్తున్నాను, ఇంత గట్టి కాపుదల చూడలేదు. నా పిల్ల అని కాదు, లెక్క అలా చెబుతోంది.

4 నవంబరు

మెడికల్ ఫారాల రోజు. డాక్టరు పదింటికి వస్తానన్నాడు. పన్నెండైనా జాడ లేదు. పద్నాలుగు మంది పిల్లలు షెడ్డు బయట ఎండలో వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు ధనశ్రీ, తొమ్మిదింటికే వచ్చేసిందట. కళ్లు చూసే అక్షరాల అట్ట గోడకి తగిలించే ఉంది.

ఎంతసేపని చూస్తాను. ఎత్తు, బరువు, బీపీ నేనే చూసి రాశాను. కళ్ల గడిలో అందరికీ పూర్తి చూపని 6/6 వేసేశాను. పొద్దున్న లేస్తే నా కళ్లెదుట ఎగిరే పిల్లలు, వీళ్ల చూపు నాకు తెలియదా. అయిపోయింది, ఇళ్లకి పొండి అన్నాను. అందరూ పరిగెత్తారు. ధనశ్రీ కాసేపు అక్కడే నిలబడింది. నీకు వేరే చెప్పాలా అంటే వెళ్లింది.

రెండింటికి డాక్టరు వచ్చి, బండి దిగకుండానే కట్ట మొత్తానికి సంతకాలు పెట్టాడు. ప్రతి ఏడూ ఇంతే.

8 నవంబరు

రిపోర్టు పూర్తయింది. నాలుగు పేజీలు. చివరి భాగం ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, బాగా కుదిరింది.

"ఇరువురి నైపుణ్యాలను పోల్చి చూడగా, పాదాల కదలికలో కుమారి పావని మెరుగు. అయితే ఆమె ప్రత్యర్థిపై కుడి చేతిని ఉపయోగించుటకు జంకుచున్నది. ఇరవై రెండు రౌండ్లలో ఒక్క కుడి దెబ్బయును నమోదు కాలేదు. ఇది నైపుణ్య లోపము కాదు, ధైర్య లోపము. కుమారి ధనశ్రీ ఎడమ వైపు రక్షణ అభేద్యము. కావున ధనశ్రీని పంపవలసినదిగా సిఫారసు చేయుచున్నాను."

చదివి జగదీశ్వరరావు, "దీనికి ఎవడూ వంక పెట్టలేడు మాస్టారూ," అన్నాడు.

9 నవంబరు

ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. దాచడం నా వల్ల కాదు కాబట్టి ధైర్యం మాట కూడా చెప్పాను. పావని, "సరే మాస్టారూ," అంది, అంతే. ధనశ్రీ ఏడ్చింది. ఆనందం.

18 నవంబరు

పావని ఇంటికొచ్చింది, ఒక్కతే. వాకిట్లోనే నిలబడి, "మాస్టారూ, నన్ను పంపండి," అంది.

"రిపోర్టు వెళ్లిపోయింది."

"మార్సి రాయండి. నేను బాగా ఆడతాను. దాన్ని ఉంచెయ్యండి మాస్టారూ, దాన్ని పంపకండి."

"ఎందుకు పంపకూడదు? కారణం చెప్పు."

నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది. "సెప్పలేను మాస్టారూ," అంది.

ఈర్ష్య అంటారు దీన్ని అని చెప్పాను. ఒక గిన్నెలో తిని, అక్కచెల్లెళ్లలా బతికి, చివరికి ఇదా నీ బుద్ధి అన్నాను. ఇంకా అన్నాను. ఆ మాటలు రాసుకోవాలని లేదు. సూర్యకళ లోపలి నుంచి వచ్చి దానికి మంచినీళ్లు ఇచ్చింది, తాగకుండానే వెళ్లిపోయింది.

24 నవంబరు

ధనశ్రీ తండ్రి ఎర్రయ్య గారు మార్కెట్‌కి బెల్లం తెచ్చి, షెడ్డుకి వచ్చి ఒక దిమ్మ నా బల్ల మీద పెట్టాడు. "ఆడపిల్లకి ఈ గుద్దులాటేటని ఊరంతా నవ్వింది మాస్టారూ. మీ మాట మీద మీకాడ వొగ్గేసేను. ఇపుడు ఊరే అడగతంది, ఎప్పుడెల్తందని," అన్నాడు. చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. నాకన్నా రెండేళ్లు పెద్దవాడు.

2 డిసెంబరు

నేషనల్స్‌లో మొదటి బౌట్ గెలిచాం. అవతలి పిల్ల ఎడం చేతి వాటం, దెబ్బలన్నీ ధనశ్రీకి కుడి పక్క నుంచే వచ్చాయి. సునాయాసంగా కాచుకుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. ఇక్కడ చలి విపరీతం.

3 డిసెంబరు

రెండో బౌట్. ఓడిపోయింది.

4 డిసెంబరు

ఇక్కడి ఆసుపత్రి. రైలు రేపు. అవతలి పిల్ల ఉత్తరాదిది, మామూలు ఆటగత్తె, కుడి చెయ్యి తప్ప ఇంకేమీ లేదు. మొదటి రౌండు సగంలో ఒకటి కొట్టి చూసింది. ధనశ్రీ కదల్లేదు, కాపుకి చేతులెత్తలేదు, కన్నార్పలేదు. తర్వాత ఆ పిల్లకి ఇంకేమీ కొట్టాల్సిన అవసరం లేకపోయింది. ముప్పయ్యి దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత లెక్కపెట్టలేదు.

రోజు బాగాలేదు. ఎంతటివాళ్లకైనా ఒక రోజు అలా ఉంటుంది.

9 డిసెంబరు

విశాఖలో కంటి ఆసుపత్రి. ఎడం కంటి లోపలి పొర ఊడిపోయిందట. ఆపరేషన్ చేశారు. చేసిన డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇది బౌట్‌లో మొదలైంది కాదండీ. చిరిగి మూడు నాలుగు నెలలైంది. చిన్న చిరుగప్పుడే వస్తే లేజర్‌తో అతికించి పంపేసేవాళ్లం. మీ దగ్గర కళ్లు చూడరా?" అంది.

చూస్తామన్నాను.

"నెల కింద కుడి కన్ను మూసి ఎడం కంటితో ఒక వరస చదివించి ఉంటే తెలిసిపోయేది."

డాక్టర్లు అలాగే చెబుతారు. జరిగాక చెప్పడం ఎంతసేపు.

12 డిసెంబరు

జగదీశ్వరరావు ఆసుపత్రికి వచ్చాడు, పళ్లు తెచ్చాడు. నన్ను వరండాలోకి తీసుకెళ్లి, "ఫారం మీద 6/6 ఉంది, డాట్టరు సంతకం ఉంది. మనకేటీ బయ్యం లేదు," అన్నాడు. అక్కడి నుంచి మంచం దగ్గరికి వెళ్లి ఎర్రయ్య గారితో అదే మాట ఇంకో రకంగా చెప్పాడు. "కంటి పరీచ్చలో పాసయ్యింది మీ అమ్మాయి. అంటే ఆ అట్ట మీద అచ్చరాలు బట్టీ పట్టేసి డాట్టర్ని మోసం సేసుంటాది. పిల్లలు సేత్తారు ఇలాటివి."

ఎర్రయ్య గారు కూతురి వైపు తిరిగాడు. "నిజవేనేటే?"

ధనశ్రీ ఎడం కంటికి కట్టు ఉంది. కుడి కంటితో నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను తల ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు.

"అవును నాన్నా. బట్టీ పట్టేను," అంది.

ఎర్రయ్య గారు లేచి చెయ్యెత్తాడు. కొట్టలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బయటికి వచ్చాక జగదీశ్వరరావు నా భుజం తట్టాడు.

బస్సులో అనకాపల్లి వచ్చేదాకా ఆలోచించాను. ఇప్పుడు నేను చెబితే మాత్రం కన్ను తిరిగి వస్తుందా. షెడ్డు మూసేస్తారు. మిగతా పన్నెండు మంది ఏమవుతారు. వాళ్ల కోసమైనా ఊరుకోవాలి.

13 డిసెంబరు

వాళ్ల కోసమే.

15 డిసెంబరు

పావని షెడ్డుకి వచ్చింది, నెల తర్వాత. సామాను తీసుకుపోవడానికట. ఎవరూ లేరు. వచ్చే ఏడాదికి ఇదొక్కతే మిగిలిందని, వదులుకోకూడదని అనిపించింది. దెబ్బలు కాచే ప్యాడ్స్ చేతులకి తొడుక్కుని, రా, ఒక రౌండు కొట్టు అన్నాను. ఎడం చేత్తో కొట్టింది. కుడి, అన్నాను. కొట్టలేదు. కుడి, అని అరిచాను. రెండు చేతులూ కిందికి వేలాడేసి నిలబడింది.

"ఎత్తలేకపోతన్నాను మాస్టారూ. ఆ కన్ను తీసింది ఈ సెయ్యే."

నాకు అర్థం కాలేదు. అది చెప్పడం మొదలుపెట్టింది.

"ఆగస్టులో వాన రోజు కొట్టేను కదా, మీరు శభాష్ అన్నారే, ఆ దెబ్బకే. మర్నాడు పొద్దున్న ధనశ్రీ కంటి ముందర మసి తేలతంది అంది. తరవాత మెరుపులొత్తన్నాయి అంది. తరవాత ఓ పక్క నుంచి తెర దిగినట్టుంది అంది. డాట్టరు దగ్గిరికి పదా అన్నాను. మాస్టారికి తెలిత్తే ఇంటికి పంపేత్తారు, ఈ ఒక్క ఏడూ ఆడనీ, మెడలొచ్చేక సూపించుకుంటాను అంది. నాకు మా పాడేరు మోదకొండమ్మ తల్లంటే బయ్యమని దానికి తెలుసు. ఆ తల్లి మీద ఒట్టేయించుకుంది, నోటితో ఎవరికీ సెప్పనని."

"అందుకని?"

"నోటితో సెప్పననే కదా మాస్టారూ ఒట్టు. అందుకే సేత్తో సెప్పేను. దానికి కనపడని పక్క నేను కొట్టను, అదొకటి. రెండోది, మీరు ప్రతి దెబ్బా రాత్తారు కదా. పావని కుడి సెయ్యి సున్నా, సున్నా, సున్నా అని రాసుకుంటారు. ఎందుకు సున్నావో మీరే పట్టేత్తారు అనుకున్నాను. ఈ ఆటలో మీకు తెలీనిదేటుంది అనుకున్నాను. మీరు పిలిసి అడిగినపుడు ఇంక పట్టేసేరనుకున్నాను."

ఏడవలేదు. చెప్పడం అయ్యాక సంచి తీసుకుని, పాడేరు బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

ప్యాడ్స్ చేతులకి అలాగే ఉన్నాయి. విప్పడానికి ఎవరో ఒకరు సాయం కావాలి. పంటితో పట్టీ లాగి విప్పుకున్నాను.

16 డిసెంబరు

లెక్కల పుస్తకం మొదటి నుంచి మళ్లీ చదివాను. అందులో అంతా ఉంది. జాబ్ అంగుళం ముందు ఆగడం ఉంది. గడ్డం తిప్పడం ఉంది. సున్నాలున్నాయి. ఒక కంటి మనిషిని ఇంత వివరంగా ఇంకెవరూ రాయలేరు. రాసి, కింద అభేద్యము అని పెట్టాను. దాన్ని కాపాడిన పిల్లకి ధైర్యం లేదని రాశాను.

ఇంకొకటి ఉంది. డిసెంబరు నాలుగున రాయలేదు. రెండో రౌండు అయ్యాక స్టూలు మీద కూర్చుని ధనశ్రీ, "మాస్టారూ, ఎడం పక్క మొత్తం నల్లగా అయిపోనాది," అంది. చెమట అన్నాను. స్పాంజితో తుడిచాను. నీళ్లు కొట్టాను. ఇప్పుడు బాగుందా అంటే తల ఊపింది. భుజం మీద తట్టి మూడో రౌండుకి పంపాను. తువ్వాలు నా మెడలోనే ఉంది. విసిరితే బౌట్ ఆగిపోయేది.

20 డిసెంబరు

సూర్యకళకి అంతా చెప్పాను. ఫారం సంగతి కూడా. వంట మధ్యలో ఆపి విన్నది. "గ్లాసు సంగతి నేను ఆ రోజే సెప్పేను," అని పొయ్యి వైపు తిరిగింది.

28 డిసెంబరు

రెండో ఆపరేషన్ కూడా నిలబడలేదు. ఎడం కన్ను పోయినట్టే. కుడి కన్ను జాగ్రత్తగా చూసుకోమని చెప్పి ఇంటికి పంపారట. జగదీశ్వరరావు ఫోన్‌లో చెప్పాడు. వెంటనే ఇంకో మాట, "వచ్చే నెల క్యాంపుకి పావని పేరు పంపుతున్నాను. ధైర్యం కుదురుకుందని ఓ రెండు ముక్కలు రాసియ్యండి."

పావనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

31 డిసెంబరు

రాశాను. క్యాంపు గురించి కాదు. ఫారంలో కళ్ల గడి నింపింది నేనని, అట్ట ఎవరికీ చూపించలేదని, డాక్టరు ఎవరినీ చూడలేదని, నవంబరు ఎనిమిదిన ఇచ్చిన రిపోర్టు తప్పని, సంతకం చేసి జగదీశ్వరరావుకి ఇచ్చాను. చదివి మడత పెట్టి తిరిగి నా జేబులో పెట్టాడు. "మీ ఆరోగ్యం బాగాలేదు మాస్టారూ. ఇంటికెళ్లి పడుకోండి," అన్నాడు.

2 జనవరి

అదే ఉత్తరం రాష్ట్ర సంఘానికి రిజిస్టర్ పోస్టులో పంపాను. షెడ్డు తాళం యజమానికి ఇచ్చేశాను.

ఇంకొక చోట చెప్పాలి. అక్కడికి పోస్టులో పంపడం కుదరదు.

5 జనవరి

నక్కపల్లి బస్‌స్టాపులో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి వెళ్లాక రాస్తే మార్చి రాస్తానేమోనని భయం.

పదింటికి వాళ్ల ఊరు చేరాను. చెరకు నరుకుతున్న రోజులు, వీధిలో పెద్దగా మనుషులు లేరు. ధనశ్రీ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఎడం పక్క నుంచి వెళ్లాను. దగ్గరికి వెళ్లేదాకా దానికి తెలియలేదు. చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఎర్రయ్య గారు కుర్చీ తెచ్చి వేశాడు, కూతురి చేత మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ తాగకముందే చెప్పాలనుకున్నాను. తాగేశాను.

తర్వాత చెప్పాను. "ఎర్రయ్య గారూ, అమ్మాయి ఎవరినీ మోసం చెయ్యలేదు. అక్షరాలు బట్టీ పట్టలేదు. ఆ రోజు కంటి పరీక్షే జరగలేదు. 6/6 రాసింది నేను. ఆసుపత్రిలో ఆయన అలా అంటున్నప్పుడు నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను."

ఆయన నా మాట ఇంకా ఏదో మిగిలి ఉందన్నట్టు వింటూనే ఉన్నాడు. మిగిలినవీ చెప్పాను. సున్నాలు, పావని ఒట్టు, స్టూలు మీద అది చెప్పిన మాట, స్పాంజి. ఏదీ వదల్లేదు.

ఎర్రయ్య గారు కూతురిని అడిగాడు. "మరెందుకే బట్టీ పట్టేనని సెప్పేవు? నెల్రోజులై నీతో మాటాడలేదు కదే నేను."

"మాస్టారు సెప్తారని సూసేను నాన్నా. సెప్పలేదు. మరి ఎవరో ఒకరు ఏదోటి సెప్పాలి కదా."

ఇద్దరి మొహాలూ చూడలేక కాళ్ల వైపు చూస్తున్నాను. "పావని తప్పు కూడా ఏమీ లేదమ్మా. రేపు పాడేరు వెళ్లి ఆ పిల్లకీ చెబుతాను," అన్నాను.

"దాన్ది తప్పని నేనెపుడన్నాను," అంది. నా వైపు తిరిగి, "మాస్టారూ, ఒకటడగనా?" అంది.

అడగమన్నాను.

"ఆ కళ్ల పరీచ్చ రోజు నేను తొమ్మిదింటికే ఎందుకొచ్చేనో తెలుసా మీకు?"

తెలియదన్నాను.

"అప్పటికి నాకు బయ్యమేసింది. తెర సగం దాకా దిగిపోనాది. నా నోటితో నేను సెప్పలేను, అంతమందిలో ఆడతానని తిరిగేను కదా. పావనికి నేనే ఒట్టెట్టేను, అదీ సెప్పలేదు. డాట్టరు అట్ట సూపిత్తాడు, సదవలేను, దొరికిపోతాను, ఇంక దాయక్కర్లేదు అనుకున్నాను. దొరికిపోదావనే వచ్చేను మాస్టారూ. అందరికన్నా ముందు నిలబడ్డాను. మీరు ఇంటికి పొమ్మన్నారు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, బియ్యం కుడి పక్కకి జరుపుకుని, ఏరడం మొదలుపెట్టింది.

నాకు తెలిసి క్షమించమనే మాట నోట్లో ఉంది. బయటికి వచ్చిందో లేదో నాకే గుర్తు లేదు.

ఎర్రయ్య గారు నేను కూర్చున్న కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఒక చెయ్యి కుర్చీ మీద వేసి, ఎప్పటిలాగే మర్యాదగా, "మాస్టారూ, బస్సుకి టైమవుతాది. ఇంక బయల్దేరండి," అన్నాడు.

బస్సు ఇంకో గంటన్నరకి గానీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.